జీడిపిక్క – కూలి లెక్క

పలాస, కాశీబుగ్గ జంట ఊళ్లు. ఇవి శ్రీకాకుళం జిల్లాలో ఉన్నాయి. రైలు దిగి బజారులోకి వస్తే జీడిపప్పు దుకాణాలు కనిపిస్తాయి. చుట్టుపక్కల ఉద్దానం ఊళ్లలో జీడితోటలు ఉన్నాయి. ఊళ్లో జీడి ఫ్యాక్టరీలు ఉన్నాయి. పొద్దున్నే ఆడవారు అన్నం క్యారేజీలు పట్టుకొని పనికి బయలుదేరతారు.

ఒక సాయంత్రం పని అయిపోయింది. ఆడవారంతా కాటా దగ్గర వరసలో నిలబడ్డారు. ఎవరు ఎన్ని కిలోల పప్పు తీస్తే వారికి అంత కూలి. గుమాస్తా తూకం వేస్తున్నాడు. చీటీ మీద రాసి ఇస్తున్నాడు.

వరసలో ఒక పిన్ని ఉంది. వెనుక ఆమె అక్క కూతురు ఉంది. ఆ పిల్ల ఆరు నెలలుగా రాత్రి బడికి వెళుతోంది. అంకెలు వచ్చాయి. కూడబలుక్కొని చదవడం వచ్చింది.

పిన్ని పప్పు కాటా మీద పెట్టారు. ఎర్ర అంకెలు వెలిగాయి. 8.250 అని వచ్చింది. గుమాస్తా చీటీ మీద 8 అని రాశాడు.

బయటికి వచ్చాక పిల్ల అడిగింది.

“పిన్నీ, కాటాలో ఎనిమిదీ పావు వచ్చింది. చీటీలో ఎనిమిదే రాసేడు. నాను సూసేను.”

“ఎప్పుడూ అలాగే రాస్తారే అమ్మీ. పావు కిలోకి ఏటొస్తాది?”

“ఏటొస్తాదో లెక్క కట్టి సూద్దుమా?”

పిన్ని నవ్వింది. కానీ చీటీ పారెయ్యలేదు. కొంగున ముడి వేసుకుంది.

పావు కిలో లెక్క

కిలో పప్పుకు కూలి 40 రూపాయలు అనుకుందాం. ఇది లెక్క కోసం అనుకున్న అంకె మాత్రమే.

పావు కిలోకు 10 రూపాయలు.
నెలకు 25 రోజులు పని. 10 × 25 = 250 రూపాయలు.
ఏడాదికి 12 నెలలు. 250 × 12 = 3,000 రూపాయలు.
ఆ ఫ్యాక్టరీలో 40 మంది ఆడవారు ఉంటే, 3,000 × 40 = 1,20,000 రూపాయలు.

రోజూ చూస్తే పావు కిలో. ఏడాది చివర చూస్తే లక్షా ఇరవై వేలు. చిన్న అంకెను వదిలేస్తే పెద్ద అంకె పోతుంది.

పిక్క నుంచి పప్పు దాకా

జీడిమామిడి మన దేశపు చెట్టు కాదు. బ్రెజిల్ దేశానిది. సుమారు 450 ఏళ్ల క్రితం పోర్చుగీసువారు ఓడలలో తెచ్చారు. ఇప్పుడు అది మన ఇసుక నేలల చెట్టు అయింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. వేల ఎకరాల జీడి, కొబ్బరి చెట్లు కూలిపోయాయి. జీడిచెట్టు పడితే రైతుకే కాదు, ఫ్యాక్టరీలో ఆడవారికీ పని తగ్గుతుంది.

పిక్క పప్పు కావాలంటే చాలా పనులు ఉన్నాయి.

మొదట పిక్కలను ఆవిరి మీద ఉడికిస్తారు. బస్తాలు మోయడం, ఉడికించడం ఎక్కువగా మగవారు చేస్తారు.

తరువాత పిక్కను కోస్తారు. ఒక చేత్తో పిక్కను కత్తి మధ్యలో పెట్టాలి. కాలితో నొక్కాలి. పెంకు చీలుతుంది. లోపలి పప్పు విరగకూడదు. పెంకులో నల్లటి జీడినూనె ఉంటుంది. రంగుల తయారీలో, బండ్ల బ్రేకుల తయారీలో ఆ నూనె వాడతారు. అది చేతికి తగిలితే చర్మం కాలుతుంది. వేళ్లు నల్లబడతాయి. బొబ్బలు వస్తాయి. ఆడవారు చేతులకు బూడిదో, ఆముదమో రాసుకొని కోస్తారు. చేతి తొడుగులు ఉంటే ఈ బాధ తగ్గుతుంది.

తరువాత పప్పును వేడి గదిలో ఆరబెడతారు. పైపొట్టు తీస్తారు. ఈ పని ఆడవారిది.

చివర పప్పును ఏరతారు. గుండ్లు వేరు, బద్దలు వేరు, ముక్కలు వేరు. గుండ్లలోనూ రకాలు ఉన్నాయి. డబ్ల్యూ 180, డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అని డబ్బాల మీద రాస్తారు. 320 అంటే ఏమిటి? ఒక పౌనులో, అంటే సుమారు 454 గ్రాములలో, 300 నుంచి 320 పప్పులు తూగుతాయని అర్థం. అంకె చిన్నదైతే పప్పు పెద్దది. ధర ఎక్కువ. ఏరే ఆమె ప్రతి పప్పునూ తూచదు. కంటితో చూసి చెబుతుంది. అమెరికాలో కొన్నా, అరబ్బు దేశంలో కొన్నా, ఆ డబ్బా మీది అంకె వెనుక ఒక ఆడమనిషి కన్ను ఉంది.

సుమారు నాలుగు కిలోల పిక్కలు కోస్తే ఒక కిలో పప్పు వస్తుంది. ఎనిమిది కిలోల పప్పు అంటే ముప్పై రెండు కిలోల పిక్కలు. ఒక్కొక్క పిక్కా చేతిలోంచి వెళ్లాలి.

పని పరుగెడుతుంది

పిన్ని మాటలో ఒక భయం ఉంది. “అడిగితే పని పోతాదేమో” అని. ఈ భయం ఉత్తిది కాదు. రెండు సంగతులు చూద్దాం.

కేరళలో కొల్లం జీడి ఫ్యాక్టరీలకు పేరు పొందింది. అక్కడ కూడా పని చేసేది ఎక్కువగా ఆడవారే. వారు సంఘాలు పెట్టుకున్నారు. ప్రభుత్వం కనీస కూలి నిర్ణయించింది. అప్పుడు కొందరు యజమానులు ఏం చేశారు? కూలి తక్కువ ఉన్న తమిళనాడు ఊళ్లకు పిక్కలను తరలించారు.

రెండోది ఆఫ్రికాలోని మొజాంబిక్ దేశం. హిందూ మహాసముద్రానికి అవతలి ఒడ్డున ఉంది. అక్కడ జీడితోటలు చాలా ఉన్నాయి. ఫ్యాక్టరీలు కూడా ఉండేవి. 1990ల నడుమ ప్రపంచ బ్యాంకు ఆ దేశానికి ఒక సలహా ఇచ్చింది. పిక్కల ఎగుమతి మీద పన్ను తగ్గించమంది. పన్ను తగ్గింది. పచ్చి పిక్కలు ఓడలెక్కి మన దేశానికి వచ్చాయి. అక్కడి ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. వేలమంది పని పోయింది. వారిలో ఆడవారు ఎక్కువ.

అక్కడి ఆడమనిషికి పని పోయింది. ఇక్కడి ఆడమనిషికి పని వచ్చింది. కానీ ఇద్దరిలో ఎవరూ ఈ సంగతి నిర్ణయించలేదు. ఒకరికి ఒకరు శత్రువులు కారు. ఒకరి కష్టం మరొకరికి తెలియదు, అంతే.

కూలి తక్కువ ఉన్న చోటికి పని పరుగెడుతుంది. ఒక ఊరివారు అడిగితే ఇంకో ఊరికి పోతుంది. ఒక దేశం అడిగితే ఇంకో దేశానికి పోతుంది. అందుకే అన్ని దేశాలకూ ఒక కనీస గీత ఉండాలి. ఆ గీత కన్నా కింద ఎవరినీ పని చేయించకూడదు. దీన్నే అంతర్జాతీయ కార్మిక ప్రమాణాలు అంటారు.

జెనీవాలో ఒక సంస్థ

ఆ గీతలు గీసే సంస్థ పేరు అంతర్జాతీయ కార్మిక సంస్థ. ఐ.ఎల్.ఓ. అని పిలుస్తారు. 1919లో పుట్టింది. స్విట్జర్లాండు దేశంలోని జెనీవాలో ఉంది. మన దేశం మొదటినుంచీ అందులో ఉంది. అక్కడ ప్రభుత్వాలు ఒక్కటే కూర్చోవు. యజమానుల ప్రతినిధులు, కార్మికుల ప్రతినిధులు కూడా కూర్చుంటారు. మాట్లాడుకొని ఒప్పందాలు రాస్తారు.

పుట్టిన ఏడాదే ఆ సంస్థ కాన్పు గురించి ఒక ఒప్పందం రాసింది. కాన్పుకు ముందు ఆరు వారాలు, తరువాత ఆరు వారాలు తల్లికి సెలవు ఉండాలని చెప్పింది.

1951లో మరో ఒప్పందం రాసింది. దాని నంబరు 100. సమాన విలువ గల పనికి ఆడవారికీ మగవారికీ సమాన కూలి ఇవ్వాలి అన్నది దాని సారం. మన దేశం 1958లో దీనికి ఒప్పుకుంది.

ఐ.ఎల్.ఓ. దగ్గర పోలీసులు లేరు. జరిమానాలు వేయదు. ఒప్పుకున్న ప్రభుత్వాలు ఏం చేశాయో రాసి పంపాలి. వారు ప్రశ్నలు అడుగుతారు. జవాబు చెప్పాలి. అంతే. దాన్ని చట్టంగా మార్చడం ప్రభుత్వం పని. చట్టాన్ని కూలిగా మార్చడం ఎవరి పని? అది అడిగేవారి పని.

ఒక్క మాట తేడా

మన దేశంలో సమాన వేతన చట్టం 1976లో వచ్చింది. తరువాత 2019లో పార్లమెంటు వేతనాల కోడ్ అనే చట్టం చేసింది. అది 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. 1976 చట్టం, 1948 నాటి కనీస వేతనాల చట్టం అందులో కలిసిపోయాయి.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చదవాలి.

జెనీవా ఒప్పందం “సమాన విలువ గల పని” అంటుంది.
మన చట్టం “ఒకే పని, లేదా అలాంటి పని” అంటుంది.

రెండూ ఒకటేలాగ కనిపిస్తాయి. కానీ ఒకటి కావు. ఎలాగ?

ఫ్యాక్టరీలో మగవారు పిక్కలు ఉడికిస్తారు. ఆడవారు పిక్కలు కోస్తారు, ఏరతారు. ఆ రెండూ ఒకే పని కాదు. కాబట్టి “వారిది వేరే పని, మీది వేరే పని” అని యజమాని అనగలడు. ఉడికించేది బరువు పని, కోసేది తేలిక పని అనగలడు.

విలువ చూస్తే ఏమవుతుంది? నాలుగు ప్రశ్నలు వేయాలి. ఏ పనికి నేర్పు ఎంత కావాలి? శ్రమ ఎంత? బాధ్యత ఎంత? పని చేసే చోటు ఎలా ఉంది? బస్తా మోయడానికి బలం కావాలి. పప్పు విరగకుండా కోయడానికి నేర్పు కావాలి. పప్పు విరిగితే ధర పడిపోతుంది. అది బాధ్యత. రోజంతా వంగి కూర్చోవడం, జీడినూనెతో వేళ్లు కాల్చుకోవడం శ్రమ కాదా? ఇలా అడిగితే “తేలిక పని” అన్న మాట నిలబడదు.

ఉభాల రోజుల్లోనూ ఇదే జరుగుతుంది. నడుం వంచి నాటు వేసేది ఆడవారు. గట్లు చెక్కేది మగవారు. పని పేరు వేరు. అందుకని కూలి వేరు అంటారు.

కానీ సమాన కూలి కుదరని పని కాదు. దాన్ని మన పల్లెలు కళ్లారా చూశాయి. 2005లో ఉపాధి హామీ చట్టం వచ్చింది. 2006లో విజయనగరం జిల్లాలో, 2007లో శ్రీకాకుళం జిల్లాలో ఆ పనులు మొదలయ్యాయి. చెరువులో మట్టి తీసినవారికి ఆడా మగా తేడా లేకుండా ఒకే రేటు కట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పనులకు వెళ్లినవారిలో సగానికి పైగా ఆడవారే.

కాగితం మీద పేరు

చట్టం ఇచ్చిన కొన్ని హక్కులు ఇవి.

1. కనీస కూలి. ప్రభుత్వం నిర్ణయించిన కూలి కన్నా తక్కువ ఇవ్వకూడదు. రోజు కూలికే కాదు, కిలో లెక్క కూలికి కూడా ఇది వర్తిస్తుంది. కనీస కూలి కన్నా తక్కువకు పని చేయించడం వెట్టిచాకిరీయే అని సుప్రీంకోర్టు 1982లో చెప్పింది. ఢిల్లీలో ఆసియా క్రీడల కట్టడాల కూలీల గురించిన కేసు అది.

2. కూలి చీటీ. ఎంత పని, ఎంత కూలి, ఎంత కోత అన్నది రాసి ఇవ్వాలి.

3. సరైన తూకం. కాటాను ప్రభుత్వ అధికారులు పరీక్షించాలి. దాని మీద ముద్ర ఉండాలి.

4. కాన్పు సెలవు. 1961లో చట్టం వచ్చింది. అప్పుడు 12 వారాలు. 2017లో దాన్ని 26 వారాలు చేశారు. ఇది మొదటి ఇద్దరు పిల్లలకు. కాన్పుకు ముందు ఏడాదిలో కనీసం 80 రోజులు అక్కడ పని చేసి ఉండాలి.

5. మర్యాద. పని చోట ఆడవారిని మాటతో గాని, చేతితో గాని వేధించకూడదు. దీనికి 2013లో చట్టం వచ్చింది. పదిమంది లేదా అంతకు మించి పనిచేసే చోట ఫిర్యాదుల కమిటీ ఉండాలి. చిన్న చోట్ల వారు జిల్లాలోని కమిటీకి చెప్పుకోవచ్చు.

నాలుగో హక్కును మళ్లీ చదవండి. 80 రోజులు పని చేసినట్టు ఎవరు చెప్పాలి? హాజరు పట్టీ చెప్పాలి. పట్టీలో పేరు లేకపోతే? ఇరవై ఏళ్లు పిక్కలు కోసినా, కాగితం మీద ఆమె ఒక్క రోజూ పని చేయనట్టే. అందుకే మొదట చూసుకోవలసింది పేరు. తరువాత రోజులు. తరువాత తూకం.

అవతలి ఊరి కథ

మన పక్క దేశం బంగ్లాదేశ్. అక్కడ లక్షలమంది ఆడవారు బట్టలు కుడతారు. ఢాకా నగరం దగ్గర సావర్‌లో రాణా ప్లాజా అనే ఎనిమిది అంతస్తుల భవనం ఉండేది. పైన బట్టల ఫ్యాక్టరీలు, కింద దుకాణాలు, ఒక బ్యాంకు.

2013 ఏప్రిల్ 23న గోడలు బీటలు వారాయి. అందరూ బయటికి వచ్చేశారు. మరునాడు బ్యాంకువారు పనికి రాలేదు. బట్టలు కుట్టేవారు లోపలికి వెళ్లనన్నారు. వెళ్లకపోతే జీతం కోస్తామని బెదిరించారు. వారు వెళ్లారు. భవనం కూలింది. 1,100 మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఆడవారు.

బీట అందరికీ కనిపించింది. బ్యాంకువారు రాకుండా ఉండగలిగారు. కుట్టేవారికి సంఘం లేదు. కలిసి “వెళ్లం” అనే బలం లేదు. ఆ తరువాత పెద్ద పెద్ద బట్టల కంపెనీలు, కార్మిక సంఘాలు కలిసి ఒక ఒప్పందం చేసుకున్నాయి. భవనాలను పరీక్షించడం మొదలుపెట్టాయి. ఆ పని ఒక రోజు ముందు జరిగి ఉంటే!

కలిసి అడిగితే

పలాస పిన్ని ఇంటికి వెళ్లింది. అన్నాలయ్యాక కొంగు ముడి విప్పింది. చీటీ తీసింది. పిల్ల పలక మీద లెక్క వేసింది. పది, రెండు వందల యాభై, మూడు వేలు. పిన్ని చాలాసేపు పలక వైపే చూసింది.

“మూడు వేలా! గుంటడి బడి బట్టలు వచ్చును కదే.”

“రేపు అడుగుదుమా పిన్నీ?”

“నువ్వూ నేనూ అడిగితే ఇద్దర్నీ ఎల్లిపొమ్మంటాడు. అందరం అడగాల.”

మరునాడు దారిలో ఆ మాట నలుగురికి చెప్పారు. మధ్యాహ్నం అన్నం దగ్గర పదిమంది విన్నారు. కొందరు భయపడ్డారు. ఒక పెద్దావిడ, “నా కళ్లకు ఆ ఎర్ర అంకెలు ఆనవు, మీరు పైకి చదవండమ్మా” అంది.

సాయంత్రం వరస కట్టారు. మొదటి ఆమె పప్పు పెట్టింది. పిల్ల పైకి చదివింది. “ఏడు కిలోల నాలుగు వందల గ్రాములు.” గుమాస్తా తలెత్తి చూశాడు. ఏడు అని రాశాడు. ఆమె కదలలేదు. వెనుకవారూ కదలలేదు. ఎవరూ కేకలు వేయలేదు. తిట్టలేదు. వరస అలాగే నిలబడింది.

“ఏటమ్మా, ఇంటికి ఎల్లరా?” అన్నాడు గుమాస్తా.

“ఎల్తాం బాబూ. గ్రాములు కూడా రాయండి” అంది పిన్ని.

కొంతసేపటికి అతడు పెన్ను తీశాడు. 7 పక్కన చుక్క పెట్టాడు. 400 అని రాశాడు.

దీనితో అంతా అయిపోలేదు. పట్టీలో పేర్లు ఉన్నాయో లేదో చూడాలి. కనీస కూలి ఎంతో తెలుసుకోవాలి. చేతి తొడుగులు అడగాలి. ఇంకా చాలా ఉంది. ఆ రాత్రి బడికి మాత్రం ముగ్గురు కొత్తగా వచ్చారు. పిన్ని కూడా వచ్చింది. ఆమె మొదట నేర్చుకున్నది తన పేరు కాదు. చుక్క తరువాత అంకె ఎలా చదవాలో నేర్చుకుంది.

ఎక్కడ అడగాలి?

కనీస కూలి ఎంతో కార్మిక శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవచ్చు. కూలి తక్కువ ఇస్తే అక్కడే అర్జీ ఇవ్వచ్చు. ఆడవారికి కోర్టు సహాయం ఉచితం. ఆదాయంతో పని లేదు. జిల్లా న్యాయ సేవల సంస్థ కోర్టు ఆవరణలో ఉంటుంది. ఫోను నంబరు 15100. ఆపదలో ఉన్న ఆడవారికి 181.

కొత్త మాటలు

ప్రమాణం – అందరికీ ఒకేలా ఉండవలసిన కొలత
ఒప్పందం – కలిసి మాట్లాడుకొని రాసుకున్న మాట
హాజరు పట్టీ – పనికి వచ్చినవారి పేర్లు, రోజులు రాసే పుస్తకం
ప్రతినిధి – పదిమంది తరఫున మాట్లాడే మనిషి

చదివారు కదా! చెప్పండి

1. డబ్ల్యూ 320 అంటే ఏమిటి?
2. మొజాంబిక్‌లో ఆడవారి పని ఎందుకు పోయింది?
3. “ఒకే పని”, “సమాన విలువ గల పని” – వీటికి తేడా ఏమిటి? మీ ఊరి పనులలో ఒకటి చెప్పండి.
4. పిన్ని ఒంటరిగా ఎందుకు అడగలేదు?

లెక్క చేయండి

ఒక ఆమె రోజూ 6 కిలోల 500 గ్రాముల పప్పు తీస్తుంది. చీటీలో 6 కిలోలే రాస్తున్నారు. కిలోకు కూలి 40 రూపాయలు అనుకోండి. 25 రోజులకు ఆమె ఎంత నష్టపోతుంది?

చేసి చూడండి

మీ కూలి చీటీ, లేదా సంఘం పుస్తకం, లేదా బ్యాంకు పుస్తకం రేపు బడికి తెండి. అందులో మీ పేరు సరిగా ఉందా? అంకెలు సరిగా ఉన్నాయా? పక్కన కూర్చున్న ఆమెకు పైకి చదివి వినిపించండి.